పిలుపు ఒకటి, పరీక్ష మరొకటి: ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల వైద్యంలో విడదీసి చూడవలసిన రెండు ప్రశ్నలు

2019లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' ఒక రోగికి జరిగిన సంగతిని ప్రచురించింది. 32 ఏళ్ల వ్యక్తి ఒకరు తీవ్రమైన కడుపునొప్పితో ఎమర్జెన్సీ విభాగానికి వచ్చారు. రికార్డులో ఆయన పేరుకు ఎదురుగా 'పురుషుడు' అని ఉంది. తాను ట్రాన్స్‌జెండర్‌నని (పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదైన పురుషుడు), ఇంట్లో చేసుకున్న గర్భ పరీక్షలో పాజిటివ్ వచ్చిందని ఆయనే నర్సుకు చెప్పారు. బీపీ ఎక్కువగా ఉంది. బీపీ మందులు మానేసిన, బరువు ఎక్కువగా ఉన్న ఒక పురుషుడిగా ఆయనను లెక్కవేసి, పరిస్థితి నిలకడగానే ఉందనుకుని, కొంతసేపు ఆగగలిగిన రోగుల వరుసలో ఉంచారు. కొన్ని గంటల తరువాత డాక్టరు పరీక్షించేసరికి ఆయన నిండు గర్భంతో ఉన్నారని, బొడ్డుతాడు బిడ్డకన్నా ముందుగా కిందికి జారిపోయిందని తేలింది. హడావిడిగా ఆపరేషన్ గదికి తీసుకువెళ్లారు గానీ అప్పటికే బిడ్డ గుండె చప్పుడు వినిపించడం లేదు. చనిపోయిన బిడ్డ పుట్టింది.

ఈ సంఘటనలో ఎవరూ ఆ రోగిని తిట్టలేదు, గెంటివేయలేదు. ఆయన కూడా ఏదీ దాచలేదు. అయినా బిడ్డ దక్కలేదు. ఇవే లక్షణాలతో ఒక స్త్రీ వచ్చి ఉంటే మొట్టమొదట గర్భం సంగతే చూసేవారు. ఇక్కడ 'పురుషుడు' అన్న ఒక్క మాట రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబుగా నిలబడింది. ఈ మనిషి ఎవరు అన్నది మొదటి ప్రశ్న. ఈ శరీరంలో ఏ అవయవాలు ఉన్నాయి అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు అది సరైన జవాబే. రెండో ప్రశ్నను ఎవరూ విడిగా అడగనే లేదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు గౌరవప్రదమైన వైద్యం అందించడం అంటే, నాకు తెలిసినంతలో, ఈ రెండు ప్రశ్నలనూ విడదీసి అడగడం, రెండింటి జవాబులనూ సమానంగా నమ్మడం. గౌరవం అన్నది చికిత్స పూర్తయ్యాక మీదినుంచి చల్లే మర్యాద కాదని, చికిత్స సరిగా జరగడానికి కావలసిన సమాచారం దాని ద్వారానే వస్తుందని ఈ వ్యాసంలో చూపించాలని నా ప్రయత్నం.

మాటల దగ్గరే చిక్కు మొదలవుతుంది. తెలుగులో 'లింగం' అన్న ఒకే పదాన్ని శరీర నిర్మాణానికీ, వ్యాకరణానికీ, మనిషి తనను తాను స్త్రీగానో పురుషుడిగానో భావించుకోవడానికీ వాడుతూ వచ్చాము. అందుకే ఈ చివరి అర్థానికి 'జెండర్' అన్న మాటను అలాగే తెచ్చుకోవలసి వచ్చింది. బిడ్డ పుట్టగానే బయటి జననాంగాలను చూసి ఆడపిల్ల, మగపిల్లవాడు అని రాస్తారు. ఇది పుట్టుకతో నమోదైన లింగం. పెరిగేకొద్దీ ఆ మనిషికి లోపలినుంచి తాను స్త్రీననో, పురుషుడిననో, ఈ రెండింటిలో దేనిలోనూ పూర్తిగా ఇమడననో స్థిరంగా తెలిసేది జెండర్ గుర్తింపు. ఎక్కువమందిలో ఈ రెండూ ఒకటే కావడం వల్ల, అవి రెండు వేర్వేరు విషయాలన్న సంగతే వారి అనుభవంలోకి రాదు. ఆ రెండూ కలవనివారే ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు. పుట్టినప్పుడు మగపిల్లవాడని రాసినా తాను స్త్రీనని తెలిసినవారు ట్రాన్స్ మహిళ. ఆడపిల్ల అని రాసినా తాను పురుషుడినని తెలిసినవారు ట్రాన్స్ పురుషుడు. పుట్టినప్పుడు ఏమని నమోదైందన్న దానిని కాక, ఇప్పుడు ఎవరన్న దానిని బట్టి ఈ పేర్లు ఏర్పడ్డాయి. వైద్య విద్యార్థులు కూడా దీనిని తలకిందులుగా రాయడం మామూలే కాబట్టి నొక్కి చెబుతున్నాను. 'మూడో లింగం' అన్న మాటను కొందరు తమకు తాముగా చెప్పుకుంటారు, మరికొందరు తాము మూడోవారము కాదని, స్త్రీలమేనని లేదా పురుషులమేనని అంటారు. ఎవరికి ఏ మాట వర్తిస్తుందో వారినే అడగాలి.

ఈ గుర్తింపుతో కలిపి గందరగోళపడే విషయాలు మరో రెండు ఉన్నాయి. ఒకరికి ఎవరిమీద ఆకర్షణ కలుగుతుందన్నది లైంగిక ఆసక్తికి సంబంధించిన సంగతి. ట్రాన్స్ మహిళకు పురుషులపై ఆకర్షణ ఉండవచ్చు, స్త్రీలపై ఉండవచ్చు, ఎవరిపైనా ఉండకపోవచ్చు. ఇక క్రోమోజోములు, హార్మోన్లు, జననాంగాల అమరిక పుట్టుకతోనే ప్రామాణికమైన స్త్రీ, పురుష నమూనాలకు భిన్నంగా ఉండే స్థితిని ఇంటర్‌సెక్స్ అంటారు. అది శరీర నిర్మాణానికి సంబంధించినది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులలో చాలామంది శరీర నిర్మాణం ఏ వైద్య పరీక్షలోనూ భిన్నంగా కనిపించదు. అందువల్ల 'రక్తపరీక్ష చేయించి నువ్వు నిజంగా ట్రాన్స్‌జెండరువో కాదో తేలుద్దాం' అనే మాటకు అర్థం లేదు. అలా తేల్చే రక్తపరీక్ష గాని, స్కానింగు గాని లేదు.

మరి ఇది ఎందుకు ఏర్పడుతుంది? ఒక్క కారణాన్ని వేలుపెట్టి చూపగలిగిన శాస్త్రం ఇంకా లేదు. జన్యువులకు, గర్భంలో ఉన్నప్పటి హార్మోన్ల ప్రభావానికి పాత్ర ఉందని భావిస్తున్నారు. పెంపకం ఒక్కటే జెండర్ గుర్తింపును తయారు చేయలేదన్న సంగతి మాత్రం డేవిడ్ రైమర్ జీవితం చాలా కఠినంగా చూపించింది. కెనడాలో 1965లో పుట్టిన ఈ మగబిడ్డకు పసితనంలో సున్తీ చేస్తుండగా జరిగిన ప్రమాదంలో పురుషాంగం పూర్తిగా దెబ్బతింది. పెంపకంతో జెండర్ ఏర్పడుతుందని నమ్మిన మనస్తత్వవేత్త జాన్ మనీ సలహాపై శస్త్రచికిత్స చేయించి, పేరు మార్చి, ఆడపిల్లగా పెంచారు. గౌన్లు తొడిగారు, బొమ్మలు ఇచ్చారు, హార్మోన్లు కూడా ఇచ్చారు. ఆ బిడ్డ ఒక్కరోజు కూడా ఆ పాత్రలో ఊపిరి పీల్చుకోలేకపోయాడు. 14 ఏళ్ల వయసులో జరిగినదంతా తండ్రి చెప్పాక, మగవాడిగా బతకడం మొదలుపెట్టాడు. 38 ఏళ్ల వయసులో, 2004లో, ఆత్మహత్య చేసుకున్నాడు. రైమర్ ట్రాన్స్‌జెండర్ కాదు. కానీ లోపల తెలిసిన గుర్తింపును బయటినుంచి చెరిపి వేరొకటి రాయబోతే ఏమవుతుందో, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల తల్లిదండ్రులు తెలుసుకోవడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు కనబడదు. 'కౌన్సెలింగ్ ఇప్పిస్తే మారిపోతుంది' అన్న ఆశతో చేసే బలవంతపు మార్పు చికిత్సలను ప్రధాన వైద్య, మనస్తత్వ సంఘాలు తప్పుపట్టడానికి కారణం ఇదే: అవి గుర్తింపును మార్చలేవు, మనిషిని మాత్రం దెబ్బతీస్తాయి.

వైద్యశాస్త్రం కూడా ఈ అవగాహనకు నెమ్మదిగానే వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణలోని పదో కూర్పు దీనిని మానసిక రుగ్మతల అధ్యాయంలో ఉంచింది. 2019 మేలో ఆమోదం పొంది, 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన పదకొండో కూర్పు ఆ అధ్యాయంలోనుంచి తీసివేసి, 'జెండర్ అసంగతి' అన్న పేరుతో లైంగిక ఆరోగ్యానికి సంబంధించిన అధ్యాయంలో చేర్చింది. పూర్తిగా ఎందుకు తొలగించలేదన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. హార్మోన్లు, శస్త్రచికిత్సలు కావలసినవారికి అవి అందాలంటే, బీమా వర్తించాలంటే, వర్గీకరణలో ఏదో ఒక చోటు ఉండాలి. చోటు ఉండాలి గాని మానసిక రోగమన్న ముద్ర ఉండకూడదు. ఈ రెండింటి మధ్య కుదిరిన ఏర్పాటు అది. కేవలం ప్రవర్తన, ఇష్టాయిష్టాలు భిన్నంగా ఉన్నంత మాత్రాన ఈ నిర్ధారణ చేయరాదని కూడా ఆ కూర్పు స్పష్టంగా చెప్పింది. అంటే బొమ్మలతో ఆడుకునే మగపిల్లవాడు, జుట్టు కురచగా కత్తిరించుకునే ఆడపిల్ల ఆ కారణంతోనే దీని కిందికి రారు.

అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన మానసిక రుగ్మతల వర్గీకరణ గ్రంథం ఐదో కూర్పులో 'జెండర్ గుర్తింపు రుగ్మత' అన్న పాత పేరును తీసివేసి 'జెండర్ డిస్ఫోరియా' అన్న పేరు పెట్టింది. గుర్తింపు రోగం కాదు, గుర్తింపుకూ శరీరానికీ మధ్య పొంతన లేనందువల్ల కలిగే తీవ్రమైన వేదన మాత్రమే చికిత్స కోరే విషయం అన్నది ఆ మార్పులోని ఆంతర్యం. ఆ వేదన అందరిలో ఒకే తీరుగా ఉండదు. అద్దంలో ఛాతీని చూసుకోలేనివారు కొందరు. ఫోనులో తమ గొంతు విని అవతలివారు 'అమ్మా' అన్నప్పుడు కుంగిపోయేవారు మరికొందరు. శరీరంతో పెద్ద పేచీ లేకుండా, లోకం తమను సరిగా పిలిస్తే చాలునన్నవారూ ఉన్నారు. అందుకే హార్మోన్లు తీసుకున్నారా, ఆపరేషన్ అయిందా అన్నదానిని బట్టి 'అసలు' ట్రాన్స్‌జెండర్, 'నకిలీ' ట్రాన్స్‌జెండర్ అని విడదీయడం తప్పు.

హార్మోన్ల చికిత్స గురించి అతిశయోక్తులు రెండు వైపులా ప్రచారంలో ఉన్నాయి. ట్రాన్స్ పురుషులు టెస్టోస్టిరాన్ తీసుకుంటే గొంతు బొంగురుపడి లోతవుతుంది, ముఖంమీద వెంట్రుకలు వస్తాయి, చాలామందిలో కొన్ని నెలల్లో నెలసరి ఆగుతుంది. మందు మానినా గొంతు మళ్లీ మునుపటిలా సన్నబడదు. ట్రాన్స్ మహిళలు ఈస్ట్రోజెన్‌తో పాటు టెస్టోస్టిరాన్‌ను అణిచే మందు తీసుకుంటే చర్మం మృదువవుతుంది, కొవ్వు పేరుకునే చోటు మారుతుంది, 3 నుంచి 6 నెలల్లో రొమ్ములు పెరగడం మొదలై రెండు మూడేళ్ల వరకు సాగుతుంది. కానీ యుక్తవయసులో ఒకసారి లోతైన గొంతు ఈస్ట్రోజెన్‌తో సన్నబడదు. దానికి స్వర శిక్షణ కావాలి. సంతాన సామర్థ్యం తగ్గవచ్చు, కొందరిలో తిరిగి రాకపోవచ్చు కాబట్టి, వీర్యాన్నో అండాలనో భద్రపరచుకునే అవకాశం గురించి మందు మొదలుపెట్టకముందే మాట్లాడాలి. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఈస్ట్రోజెన్ మాత్రలతో కొంత పెరుగుతుంది, పొగతాగేవారిలో మరింత పెరుగుతుంది. చర్మం ద్వారా లోపలికి వెళ్లే పట్టీలు, జెల్‌లతో ఆ ప్రమాదం తక్కువ. టెస్టోస్టిరాన్‌తో ఎర్ర రక్తకణాలు మోతాదు మించి పెరగవచ్చు. ఇవన్నీ క్రమం తప్పకుండా రక్తపరీక్షలు చేస్తూ సంభాళించగలిగినవే. అసలు ప్రమాదం డాక్టరు దొరకక, దొరికినా అవమానం భరించలేక, ఎవరో చెప్పిన మోతాదులో సొంతంగా మందులు వేసుకోవడంలో ఉంది. తొందరగా ఫలితం కావాలని గర్భనిరోధక మాత్రలు గుప్పెళ్లతో మింగేవారు, అర్హత లేనివారి చేత తుంట్లలో, రొమ్ముల్లో ద్రవ సిలికాన్ ఎక్కించుకునేవారు ఉన్నారు. ఆ సిలికాన్ రక్తనాళంలోకి చేరితే ఊపిరితిత్తుల్లో అడ్డుపడి ప్రాణం తీయవచ్చు. ఇలాంటివి చేయించుకున్నవారు డాక్టరుకు నిజం చెప్పగలగాలి. 'ఎవరు చేయమన్నారు నిన్ను?' అన్న గద్దింపు మొదట వినిపిస్తే, ఆ నిజం ఇక బయటికి రాదు.

పిల్లల విషయంలో మాటలు జాగ్రత్తగా వాడాలి. యుక్తవయసు మొదలుకాని పిల్లలకు ఈ విషయంలో మందులు గాని, శస్త్రచికిత్సలు గాని ఏ ప్రామాణిక మార్గదర్శకాలూ సూచించవు. వారికి కావలసింది వినే పెద్దలు, తొందరపడని సమయం. యుక్తవయసు మార్పులను తాత్కాలికంగా నిలిపే మందుల గురించి దేశాల మధ్య, నిపుణుల మధ్య నిజమైన భేదాభిప్రాయం ఉంది. ఇంగ్లండులో పిల్లల జెండర్ వైద్యంపై 2024 ఏప్రిల్‌లో వెలువడిన కాస్ సమీక్ష వాటికి ఉన్న ఆధారాలు బలహీనంగా ఉన్నాయని చెప్పింది. ట్రాన్స్‌జెండర్ ఆరోగ్య నిపుణుల అంతర్జాతీయ సంఘం 2022లో ప్రకటించిన ఎనిమిదో కూర్పు ప్రమాణాలు జాగ్రత్తగా ఎంపిక చేసిన కౌమారులకు వాటిని ఇవ్వవచ్చునంటాయి. ఈ చర్చ సాగవలసిందే. కానీ జ్వరంతో వచ్చిన పదిహేనేళ్ల ట్రాన్స్ బాలుడిని అతను చెప్పిన పేరుతో పిలవడానికి ఆ చర్చ ముగిసేదాకా ఆగనక్కరలేదు.

పేరు దగ్గర తెలుగు భాషకు ఒక చిక్కూ ఉంది, ఒక సౌకర్యమూ ఉంది. మన క్రియాపదం చివర్లోనే జెండర్ తెలిసిపోతుంది. 'వచ్చాడు' అన్నా 'వచ్చింది' అన్నా ఒక తీర్పు ఇచ్చేసినట్టే. పైగా ఏకవచనంలో స్త్రీకి వాడే క్రియ పశువులకూ వస్తువులకూ వాడే క్రియతో ఒకటే: ఆమె వచ్చింది, బండి వచ్చింది. దీనిని ఆసరాగా చేసుకుని ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను 'అది' అని సంబోధించడం వారు జీవితమంతా వినే అవమానం. అలా అన్నవారు ఒక్కోసారి తిట్టాలని అనకపోవచ్చు. ఏమనాలో తోచక అని ఉండవచ్చు. వినేవారి చెవికి మాత్రం మనిషినుంచి వస్తువుగా దించినట్టే వినబడుతుంది. సౌకర్యం ఏమిటంటే, గౌరవ వాచకంలో ఈ తేడా మాయమవుతుంది. 'మీరు', 'వారు', 'గారు', 'వచ్చారు', 'చెప్పారు' అన్న రూపాలకు జెండర్ లేదు. ఎవరిని ఎలా పిలవాలో తెలియని మొదటి నిమిషంలో 'మీరు' అని మొదలుపెట్టి, 'మిమ్మల్ని ఏ పేరుతో పిలవమంటారు?' అని అడిగే వీలు మన భాష ముందే ఇచ్చి ఉంచింది. ఆ తరువాత వారు చెప్పినదానిని బట్టి ఆమె, ఆయన, వారు అనవచ్చు. పొరపాటున నోరు జారితే 'క్షమించండి' అని సరిచేసుకుని వెంటనే అసలు విషయానికి రావాలి. పది నిమిషాలు సంజాయిషీ చెప్పుకుంటే, చివరకు రోగే మనల్ని ఓదార్చవలసి వస్తుంది.

ఇది చిన్న విషయంగా కనిపిస్తే, వెయిటింగ్ హాలును ఒకసారి ఊహించుకోండి. చీరలో, జడతో, చేతిలో రిపోర్టుల కవరుతో ఒక ట్రాన్స్ మహిళ కూర్చుని ఉన్నారు. గుర్తింపు కార్డులో ఇంకా మారని పాత మగ పేరును మైకులో గట్టిగా పిలిచారు. ఆమె లేస్తే నలభైమంది కళ్లు ఆమె మీదికి తిరుగుతాయి. లేవకపోతే వరుస పోతుంది. కొందరు మూడోసారి పిలిచేదాకా కూర్చుని, నెమ్మదిగా లేచి డాక్టరు గది వైపు కాక బయటికి నడుస్తారు. అమెరికాలో 2015లో 27,715 మందిని ప్రశ్నించిన పెద్ద సర్వేలో, అంతకుముందు ఏడాదిలో అవసరమై ఉండి కూడా అవమానభయంతో డాక్టరు దగ్గరికి వెళ్లనివారు 23 శాతం. వైద్యులను కలిసినవారిలో 33 శాతం మంది ట్రాన్స్‌జెండర్ అయినందువల్ల కనీసం ఒక చేదు అనుభవం ఎదుర్కొన్నామని చెప్పారు. అలా వెళ్లిపోయిన మనిషి చేతి కవరులో ఉన్నది షుగర్ రిపోర్టు కావచ్చు, గడ్డ గురించిన రిపోర్టు కావచ్చు. టోకెన్ నంబరుతోనో ఇంటిపేరుతోనో పిలిస్తే ఈ సమస్య సగం తీరుతుంది. చట్టరీత్యా రాయవలసిన పేరు ఒక గడిలో, పిలవవలసిన పేరు మరో గడిలో రాసుకోగలిగితే మొత్తం తీరుతుంది.

మానసిక ఆరోగ్యం విషయంలోనూ ఈ పేరుకు బరువు ఉంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులలో కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువగా కనబడతాయన్నది నిజం. దాని అర్థం ఆ గుర్తింపులోనే రోగం ఉందని కాదు. ఇంటినుంచి గెంటివేత, బడిలో ఎగతాళి, ఉద్యోగం దొరకకపోవడం, దారిలో దాడి, వీటన్నిటి మధ్య ఎవరైనా అలాగే అవుతారు. 129 మంది ట్రాన్స్‌జెండర్ యువతీయువకులపై 2018లో వెలువడిన ఒక అధ్యయనం, ఇల్లు, బడి, పని, స్నేహితులు అన్న నాలుగు చోట్లలో ఎంచుకున్న పేరును ఎన్ని చోట్ల వాడగలిగితే కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు అంత తక్కువగా ఉన్నాయని గమనించింది. చిన్న అధ్యయనమే, కారణాన్ని రుజువు చేసేది కాదు. అయినా ఒక పేరును నోటితో పలకడానికి అయ్యే ఖర్చు ఎంతో ఆలోచిస్తే, మరో పెద్ద అధ్యయనం వచ్చేదాకా ఆగే అవసరం నాకు తోచదు.

ఇప్పుడు రెండో ప్రశ్న, శరీరం. ఇక్కడ సూత్రం ఒక్కటే: ఏ అవయవం ఉంటే దానికి రావలసిన జబ్బులు వస్తాయి. గర్భసంచి తీయించుకోని ట్రాన్స్ పురుషుడికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష మిగతావారికి ఎలా అవసరమో అలాగే అవసరం. ఛాతీ శస్త్రచికిత్స తరువాత కూడా కొంత రొమ్ము కణజాలం మిగిలే ఉంటుంది కాబట్టి గడ్డ తగిలితే పట్టించుకోవాలి. నెలసరి ఆగినంత మాత్రాన గర్భం రాదనుకోవడం పొరపాటు. టెస్టోస్టిరాన్ గర్భనిరోధకం కాదు, పైగా గర్భంలోని బిడ్డకు హాని చేయవచ్చు. మొదట చెప్పిన సంఘటనను ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుని మళ్లీ చదవండి. ట్రాన్స్ మహిళలలో, యోని నిర్మాణ శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో కూడా, ప్రోస్టేట్ గ్రంథి సాధారణంగా అలాగే ఉంటుంది. అయితే హార్మోన్ల ప్రభావం వల్ల, ప్రోస్టేట్ జబ్బులను పసిగట్టడానికి చేసే పీఎస్ఏ రక్తపరీక్ష అంకె సహజంగానే తక్కువగా వస్తుంది. మామూలు పురుషుల పట్టికతో పోల్చి 'నార్మల్' అని రాసేస్తే అది తప్పుడు భరోసా కావచ్చు. ఈస్ట్రోజెన్‌ను ఏళ్లతరబడి వాడినవారు వయసు వచ్చాక రొమ్ము పరీక్ష కూడా చేయించుకోవాలి.

ల్యాబ్ రిపోర్టుల సంగతి మరీ సూక్ష్మమైనది. హిమోగ్లోబిన్ ఎంత ఉండాలన్నది ప్రధానంగా హార్మోన్‌ను బట్టి మారుతుంది. ఏడాదిగా టెస్టోస్టిరాన్ తీసుకుంటున్న ట్రాన్స్ పురుషుడి హిమోగ్లోబిన్‌ను స్త్రీల పట్టికతో చూస్తే, మామూలుగా ఉన్న అంకె కూడా ఎక్కువైనట్టు కనబడుతుంది. మరోవైపు, నిజంగా తగ్గి రక్తహీనత వచ్చినా అదే స్త్రీల పట్టికలో 'నార్మల్' అనిపిస్తుంది. కిడ్నీల పనితీరును తెలుసుకోవడానికి రక్తంలో కొలిచే క్రియాటినిన్ కండరాల పరిమాణాన్ని బట్టి మారుతుంది, కిడ్నీ పనితీరు లెక్కకట్టే సూత్రమేమో లింగాన్ని అడుగుతుంది. అంచు మీద ఉన్న అంకె వచ్చినప్పుడు రెండు విధాలా లెక్కకట్టి చూడడం, ముఖ్యంగా కిడ్నీ ద్వారా బయటికి పోయే మందుల మోతాదు నిర్ణయించేటప్పుడు, తెలివైన పని. ల్యాబ్ టెక్నీషియనుకు ఈ సమాచారం అందకపోతే అతను చేయగలిగింది ఏమీ లేదు.

అయితే అవయవాల గురించి అడగడం అవసరమైనప్పుడే అడగాలి. చెయ్యి విరిగి వచ్చినవారిని కింద ఆపరేషన్ అయిందా అని అడగడం వైద్యం కాదు, కుతూహలం. ఏ జబ్బుతో వెళ్లినా చివరకు అన్నిటికీ హార్మోన్లే కారణమని తేల్చివేయడాన్ని ట్రాన్స్‌జెండర్ సమూహాలు 'ట్రాన్స్ బ్రోకెన్ ఆర్మ్ సిండ్రోమ్' అని పిలుచుకుంటాయి. పిలుచుకోవడానికి ఒక పేరే పెట్టుకోవలసి వచ్చిందంటే ఎంత తరచుగా జరుగుతున్నదో ఊహించవచ్చు. దానికి పూర్తిగా వ్యతిరేక దిశలో, తిరస్కరణ ఉంది. అమెరికాకు చెందిన రాబర్ట్ ఈడ్స్ అనే ట్రాన్స్ పురుషుడికి 1996లో అండాశయ క్యాన్సర్ ఉన్నట్టు తెలిసింది. తమ క్లినిక్‌లో ఆయన కనిపిస్తే మిగతా రోగులు ఇబ్బంది పడతారంటూ పలువురు వైద్యులు చికిత్స చేయడానికి నిరాకరించారు. చివరకు ఒప్పుకున్నవారు దొరికేసరికి జబ్బు ముదిరిపోయింది. 1999 జనవరిలో ఆయన మరణించారు. గడ్డం ఉన్న మనిషికి అండాశయం ఉండడమే ఆ వైద్యులకు మింగుడుపడలేదు. క్యాన్సర్‌కు మాత్రం గడ్డంతో పని లేదు.

అడగవలసినప్పుడు ఎలా అడగాలి? కారణం ముందు, ప్రశ్న తరువాత. 'ఈ కడుపునొప్పికి కారణాలు అవయవాలను బట్టి మారతాయి. అందుకని అడుగుతున్నాను, మీకు గర్భసంచి, అండాశయాలు ఉన్నాయా?' అంటే ఎవరికైనా జవాబు చెప్పాలనిపిస్తుంది. ఆ జవాబును ఒకసారి రికార్డులో రాసుకుంటే, వచ్చిన ప్రతి జూనియర్ డాక్టరూ మళ్లీ మళ్లీ అడిగే బాధ తప్పుతుంది. దరఖాస్తులో కూడా 'లింగం' అని ఒకే గడి పెట్టే బదులు, ఇప్పటి జెండర్ ఏమిటి, పుట్టినప్పుడు ఏమని నమోదైంది అని రెండు గడులు పెట్టే పద్ధతి చాలా చోట్ల అమలులో ఉంది. రాసిన సమాచారం ఎవరి కంట పడుతుందో కూడా చూడాలి. మంచం పక్కన తగిలించిన కేస్ షీట్ మీద పెద్ద అక్షరాలతో 'ట్రాన్స్‌జెండర్' అని రాస్తే, చూడడానికి వచ్చిన బంధువు అంతవరకు తెలియని సంగతిని అక్కడ తెలుసుకుంటాడు. ఆ రోగికి ఇల్లు పోవచ్చు.

గర్భాశయ ముఖద్వార పరీక్షకు వచ్చిన ఒక ట్రాన్స్ పురుషుడి దగ్గర ఇదంతా ఎలా నడుస్తుందో దగ్గరగా చూద్దాం. ఆయన ఆ బల్ల దాకా రావడానికే కొన్నేళ్లు పట్టి ఉంటుంది. గోడల నిండా గర్భిణుల బొమ్మలున్న హాలులో గంటసేపు ఒక్కరే మగమనిషిగా కూర్చోకుండా, ఆ రోజు మొదటి అపాయింట్‌మెంటో చివరిదో ఇస్తే మేలు. లోపలికి వచ్చాక మొదట బట్టలతోనే కూర్చోబెట్టి మాట్లాడాలి. ఆయన తన శరీర భాగాలకు ఏ మాటలు వాడతారో విని అవే వాడాలి. రొమ్ము అనకుండా ఛాతీ అంటారు చాలామంది. టెస్టోస్టిరాన్ వల్ల యోని గోడలు పలచబడి, పొడిబారి ఉంటాయి కాబట్టి నొప్పి ఎక్కువగా ఉంటుంది. ఇది ఆయన సున్నితత్వం కాదు, కణజాలంలో వచ్చిన మార్పు. చిన్న సైజు స్పెక్యులమ్ (యోనిని తెరిచి చూసే పరికరం), తగినంత జెల్, కావాలంటే కొన్నిరోజుల ముందునుంచి అక్కడ రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము ఉపయోగపడతాయి. పై బట్టలు విప్పనవసరం లేదు, ఛాతీకి కట్టుకున్న బైండర్ అలాగే ఉండనివ్వవచ్చు. స్పెక్యులమ్‌ను తానే పెట్టుకుంటానంటే పెట్టుకోనివ్వాలి. ఆయన 'ఆపండి' అనగానే చెయ్యి ఆగాలి, 'ఇంకొక్క క్షణం' అనకూడదు. ఆ ఒక్క క్షణంతో మళ్లీ ఆయన రావడం మానేస్తారు. ఇది అసలు భరించలేనంటే, తానే దూదిపుల్లతో నమూనా తీసుకుని ఇచ్చే హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) పరీక్ష ఉంది.

నమూనా తీసిన తరువాత సీసా మీద, ఫారం మీద ఒక మాట రాయడం మరిచిపోకూడదు: టెస్టోస్టిరాన్ వాడుతున్నారు, నెలసరి లేదు. ఈ మందు వాడేవారిలో కణాలు చాలినన్ని రాక రిపోర్టు 'అసంపూర్ణం' అని తిరిగి రావడం మామూలు కంటే ఎక్కువ. ఫారంలో 'పురుషుడు' అని చూసి ఎవరి నమూనానో కలిసిపోయిందనుకుని ల్యాబ్‌వారు దానిని పక్కన పడేసిన సందర్భాలూ ఉంటాయి. మరో సంగతి, రికార్డులో జెండర్ మారినవెంటనే కొన్ని కంప్యూటర్ వ్యవస్థలు ఈ పరీక్షకు గుర్తుచేసే ఉత్తరాలను వాటంతటవే ఆపివేస్తాయి. కాబట్టి తరువాతి పరీక్ష ఎప్పుడో ఆయనతో కలిసి ఆ గదిలోనే తేదీ వేసుకోవాలి. ఫలితం ఫోనులో చెప్పాలా, ఉత్తరంలో పంపాలా, పంపితే కవరు మీద ఏ పేరు రాయాలి, ఆ కవరును ఇంట్లో ఇంకెవరైనా విప్పుతారా అని అడిగి, ఆయన చెప్పిన పేరును ఆయన ఎదుటే కవరు మీద రాయాలి.